సవరల గోడబొమ్మ: సంప్రదాయము, నవ్యత

నాగావళికీ వంశధారకూ ఎగువన, పాలకొండ మొదలు పర్లాకిమిడి దాకా అల్లుకొని ఉన్న కొండల వరుసలో సవరలు నివసిస్తున్నారు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల పేరు వినవచ్చే చోటనే పుండ్రులు, పుళిందులు, మూతిబులతో పాటు శబరుల పేరు కూడ వినవస్తుంది. ఆ శబరులే నేటి సవరల పూర్వులని పండితులు చాలమంది భావిస్తారు. పూరీ జగన్నాథుని ఐతిహ్యంలో నీలమాధవుని మొదట అర్చించినవాడు విశ్వావసు అనే శబరుడే. ఇంత ప్రాచీనమైన ప్రజ మనకు ఇంత సమీపంలో ఉన్నా, వారిని గురించి మనకు తెలిసినది బహు స్వల్పం. సంతలో అడ్డాకుల కట్టలు, చింతపండు, కందులు, చీపుళ్లు తెచ్చి అమ్మేవారుగా మాత్రమే మైదానంలోని మనం వారిని ఎరుగుదుము.

ఆ స్వల్పజ్ఞానానికైనా దారి చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆ మహనీయులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరభాష తెలిసినవారిని చెంత ఉంచుకొని ఏళ్ల తరబడి ఆ భాషను అభ్యసించారు. ఆ కృషి ఫలితంగా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడినవి. తెలుగులో వ్యావహారిక భాషోద్యమానికి మూలపురుషులైన వారే, లిపి లేని ఒక కొండజాతి మాటకు కూడ శాస్త్రగౌరవం కలిగించారు.

సవరలకు లిపి లేదని అంటూ వచ్చాము. కాని వారికి వ్రాత లేదనడం సరికాదు. సవరభాషలో గీయడానికీ వ్రాయడానికీ ధాతువు ఒకటే: ‘ఇద్’. గోడమీద వ్రాసిన బొమ్మను ఒడిశా వైపు సవరలు ‘ఇడితాల్’ అంటారు. ‘గోడ వ్రాత’ అని దాని అర్థమని చెబుతారు. బొమ్మ ‘వ్రాయడం’ అనే పలుకుబడి మన తెలుగులోనూ ఉన్నది. సవరకు మాత్రం అది పలుకుబడి కాదు. అతడు నిజంగానే గోడమీద ఒక విన్నపం వ్రాస్తున్నాడు. ఆ విన్నపం చదువవలసినవారు మనుష్యులు కారు, గతించిన పెద్దలూ దేవతలూను.

ఈ బొమ్మలను గురించి మొదట విపులంగా వ్రాసినవారు వెరియర్ ఎల్విన్. ఇంగ్లండులో 1902లో పుట్టి, భారతీయ గిరిజనుల మధ్య జీవితం గడిపి, 1954లో భారత పౌరసత్వం పొంది, 1964లో ఢిల్లీలో కన్నుమూసిన ఈ పండితుడు గంజాం, కోరాపుట్ జిల్లాల సవర గూడేలలో తిరిగి, అక్కడి గోడబొమ్మలను ‘ఇత్తాల్’ అనే పేరుతో తన గ్రంథాలలో వర్ణించారు. మధ్యభారత గిరిజన కళను గురించిన ఆయన గ్రంథం 1951లోను, సవరల మతాన్ని గురించిన గ్రంథం 1955లోను ప్రకటితమైనవి. ఆయన తిరిగిన గూడేలు మన సరిహద్దుకు ఆవల ఉన్నవి. అయితే ఆ సరిహద్దు చాల ఇటీవలిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైనది. పటము మీద గీసిన ఆ గీత సవర గూడేల నడుమగా పోయినది. గూడేల మధ్య చుట్టరికాలు దానికి లోబడలేదు. ఇటువైపున శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడినవి. 2022లో ఈ రెండింటి మన్యభాగాలను కలిపి పార్వతీపురం మన్యం జిల్లా చేశారు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాల సవరలు ఇప్పుడు ఆ జిల్లాలోని వారు.

బొమ్మ పుట్టే విధానం తెలియనిదే దాని విన్యాసం అర్థం కాదు. ఇంటిలో ఒకరికి జ్వరం తగులుతుంది, లేక బిడ్డలు దక్కరు, లేక పంట చెడుతుంది. ఇంటివారు ‘కురన్’ను ఆశ్రయిస్తారు. ఇతడు దేవతలకూ మనుష్యులకూ నడుమ మాటకారి. ఈ పని చేసే స్త్రీలు కూడ ఉన్నారు. ఆవేశంలోనో, కలలోనో కురన్ కారణం కనిపెడతాడు. చనిపోయిన ఫలానా పెద్దకు నిలువ నీడ లేదనీ, ఫలానా దేవత తనను మరచిరని కినుక వహించినదనీ చెబుతాడు. ఆ పెద్దకో ఆ దేవతకో గోడమీద ఒక ఇల్లు కట్టి ఇవ్వాలి. ఆ ఇల్లే ఈ బొమ్మ.

ముందు గోడను ఎర్రమట్టితో అలుకుతారు. బియ్యప్పిండి నీళ్లలో కలిపి తెల్లరంగు చేసుకొంటారు. పుల్ల కొసను నలగగొట్టి చీల్చితే కుంచె సిద్ధం. నలుపు అవసరమైన చోట మసి ఉండనే ఉన్నది. వేసేవాడు ఇంటి యజమాని కావచ్చు, కురనే కావచ్చు, చేయి తిరిగిన మరొకడు కావచ్చు. నియమంతో, ఉపవాసంతో పనికి దిగుతాడు. బొమ్మ పూర్తి అయిన పిమ్మట కురన్ దాని ఎదుట కూర్చుండి, పాటతో ఆ పెద్దను పిలుస్తాడు. ఆ పెద్ద కురన్ నోట పలికి బొమ్మను పరీక్షిస్తాడు. ఏదైనా లోపిస్తే అడుగుతాడు. అడిగినది అప్పటికప్పుడు గోడకెక్కుతుంది. అప్పుడు గాని ఆ ఇల్లు గృహప్రవేశానికి యోగ్యం కాదు. బొమ్మ ముందు కుండలు వ్రేలాడదీసి నైవేద్యం పెడతారు. కొత్త పంట ఇంటికి వచ్చినప్పుడు, పండుగలప్పుడు దానిని మరల తలచుకొంటారు. అది మాసిపోతే మరల వ్రాస్తారు. మన ఇంటి ముంగిట బియ్యప్పిండి ముగ్గువలె అది నిలువ ఉంచడానికి చేసిన వస్తువు కాదు. ఉండవలసినన్నాళ్లు ఉండి, పని తీరిన తరువాత పోతుంది.

విన్యాసంలో కొన్ని కట్టుబాట్లు స్థిరంగా కనిపిస్తవి. మొదట నాలుగువైపులా అంచు కడతారు. అది ఇంటి గోడ. ఆ అంచులో అడ్డగీతలు, వలకన్నులవంటి అల్లికలు, మొనలు ఉంటవి. అంచు నుంచి లోపలికి పని నడుస్తుంది. లోపల మనుష్యులు సన్నని కాళ్లు చేతులతో, త్రికోణాల మొండెంతో, గుండ్రని చిన్న తలతో ఉంటారు. ముఖంలో కన్నుముక్కు తీర్చరు. వరుసగా చేతులు పట్టుకొని ఆడేవారు, కావడి మోసేవారు, గుఱ్ఱమెక్కినవారు, ఏనుగునెక్కినవారు, గొడుగు పట్టించుకొన్నవారు ఉంటారు. సూర్యచంద్రులు, చెట్లు, కోతులు, నెమళ్లు, బల్లులు సందులలో ఒదుగుతవి. దూరం, దగ్గర అనే లెక్క లేదు. ముఖ్యుడు పెద్దగా ఉంటాడు, సేవకుడు చిన్నగా ఉంటాడు. నేల ఒకటే అనే నియమం లేదు గనుక బొమ్మలు గాలిలో తేలుతున్నట్లు, అన్ని వైపులా నడుస్తున్నట్లు ఉంటవి.

ఇంతవరకు చెప్పినది సంప్రదాయం. ఇక నవ్యత ఎక్కడిది? దానికి బొమ్మలోనే చోటు ఉన్నది. ఎల్విన్ చూసిన బొమ్మలలో సైకిలు, మోటారు, రైలు, విమానం ఉన్నవి. తుపాకులు పట్టిన మనుష్యులు, అధికారులు ఉన్నారు. రైలెక్కని సవర రైలును ఎందుకు వ్రాశాడు? చనిపోయిన పెద్దకు గౌరవం కావాలి. ఒకప్పుడు ఈ మన్యంలో గౌరవం గలవాడు గుఱ్ఱమో ఏనుగో ఎక్కిన రాజు. కాబట్టి తాతకు గుఱ్ఱం వ్రాశారు. తరువాత అధికారి సైకిలు మీద, ఆ తరువాత మోటారులో వచ్చాడు. కాబట్టి తాతకు అవీ సమకూర్చారు. పైన ఎగిరే విమానం పరలోకవాసికి మరీ యోగ్యమైన వాహనం. ఆ గుఱ్ఱం కూడ సవర ఇంటి జంతువు కాదని గుర్తుంచుకొందాము. మనం సంప్రదాయమని మెచ్చుకొనే గుఱ్ఱం ఒకనాడు సైకిలంత కొత్తదే. అంచు, త్రికోణం, ఎరుపు మీద తెలుపు, పిలుపు, నైవేద్యం మారలేదు. ఆ చట్రంలోనికి ప్రపంచం ప్రవేశించినది. ఇక్కడ కొత్తదనాన్ని కోరినవాడు చిత్రకారుడు కాదు, గోడమీద నివసించవలసిన పెద్ద.

సంప్రదాయానికీ నవ్యతకూ ఉన్న ఈ సంబంధాన్ని పరిశీలించేటప్పుడు సముద్రాలకు ఆవల జరిగిన ఒక ఉదంతం జ్ఞాపకం వస్తుంది. అమెరికాలోని అరిజోనా ఎడారి మిట్టల మీద హోపీలనే ఆదివాసులు నివసిస్తున్నారు. వారి స్త్రీలు సారె లేకుండ, మట్టి తాళ్లను చుట్టలుగా పేర్చి కుండలు చేస్తారు. యుక్కా మొక్క ఆకు కొసను నమిలి కుంచెగా చేసుకొని వాటిమీద బొమ్మలు వ్రాస్తారు. సవర పుల్లకూ హోపీ ఆకుకూ ఎంత సామ్యం! ఆ మిట్టలలో మొదటిదాని మీద ఉన్న హానో గ్రామంలో నంపెయో అనే కుమ్మరి స్త్రీ సుమారు 1859 ప్రాంతంలో జన్మించినది. ఆమె యౌవనంలో చేతిపని క్షీణదశలో ఉన్నది. అంగడి నుంచి వచ్చే పాత్రలు మట్టిపాత్ర స్థానాన్ని ఆక్రమిస్తున్నవి. సమీపంలోనే సిక్యాట్కి అనే పాడుదిబ్బ ఉన్నది. స్పెయినువారు రాకమునుపే పాడుపడిన ఊరది. 1895లో ఫ్యూక్స్ అనే పరిశోధకుడు దానిని త్రవ్వించగా, పసుపుపచ్చని నేల మీద పక్షుల రెక్కలు, ఈకలు, ముక్కులు చక్కగా వంపు తిరిగిన పాత్రలు బయటపడినవి. ఆ త్రవ్వకాలకు ముందునుంచే నంపెయో పాత పెంకులను ఏరి వాటి గీతలను పరిశీలించేదని ఇప్పటి పరిశోధకులు చెబుతారు. ఏమైనా, ఆమె వాటిని అనుకరించి ఊరుకోలేదు. ఆ గీతల వ్యాకరణం పట్టుకొని తన వాక్యాలు తాను కూర్చుకొన్నది. విశాలమైన భుజం గల పాత్ర మీద ఖాళీ స్థలానికి కూడ విలువ ఇచ్చినది. 1905లోను 1907లోను గ్రాండ్ కాన్యన్ వద్ద యాత్రికుల ఎదుట కూర్చుండి కుండలు చేసినది. వార్ధక్యంలో చూపు పోగా, చేతిస్పర్శతో పాత్రను మలచేది, ఇంటివారు బొమ్మలు వ్రాసేవారు. 1942లో ఆమె గతించిన తరువాత కూడ కూతుళ్లు, మనుమరాండ్రు ఆ పని నిలిపారు.

పాతపెంకు కొత్తచేతిని మేల్కొలపడం ఈ కథలోని విశేషం. మన జిల్లాలోనూ అటువంటి పెంకులు ఉన్నవి. వంశధార దక్షిణపు ఒడ్డున, కళింగపట్నానికి సమీపంలో ఉన్న శాలిహుండం కొండ మీది బౌద్ధస్థలాన్ని 1919లో గుర్తించి లోకానికి తెలిపినవారు కూడ గిడుగువారే. తరువాత జరిగిన త్రవ్వకాలలో స్తూపాలు, చైత్యాలతో పాటు బ్రాహ్మీ అక్షరాలూ మంగళచిహ్నాలూ గీసిన మట్టిపెంకులు దొరికినవి. ఒక భిక్షువు తన పాత్రమీద గీసుకొన్న అక్షరం, ఒక సవర తన గోడమీద తీర్చిన ఇల్లు, ఒక హోపీ స్త్రీ కుండ భుజాన తిప్పిన రెక్క, ఈ మూడూ ఒక వస్తువును ‘ఇది ఫలానావారిది’ అని ముద్రించే ప్రయత్నాలే.

హోపీ ఉదంతానికీ సవర ఉదంతానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. కుండ కదులుతుంది. ఇంటిలో నీళ్లకు వాడుకొన్న కుండనే బయటివానికి అమ్మవచ్చు. గోడ కదలదు. అందుచేత సవర బొమ్మకు చాలకాలం అంగడి అనేది లేదు. దానికి మార్పు వేరే మార్గాన వచ్చినది. కెనడా బాప్టిస్టు మిషనరీల ప్రబోధంతో అనేక గూడేలు క్రైస్తవం స్వీకరించినవి. 1936లో మంగేయి గొమాంగో అనే సవర, తన జాతికి ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే లిపిని వెలువరించగా, ఆ అక్షరాలనే దైవంగా పూజించే మార్గం ఒకటి ప్రబలినది. గోడమీద బొమ్మ ఉండవలసిన చోట అక్షరం వచ్చి కూర్చున్నది. ‘ఇద్’ అనే ధాతువుకు ఉన్న రెండవ అర్థం మొదటి అర్థాన్ని పక్కకు నెట్టినదనవచ్చు. 1970వ దశకం నుంచి సవరల మధ్య పరిశోధన చేసిన పియర్స్ వితెబ్‌స్కీ అనే బ్రిటిష్ పండితుడు 1993లో ప్రకటించిన గ్రంథంలో, మృతులతో సవరలు ప్రతిదినం జరిపే సంభాషణలను వర్ణించారు. 2017లో ప్రకటించిన గ్రంథంలో, ఆ సంభాషణే ఆగిపోయిన కొత్త తరాన్ని వర్ణించారు. ఇరువది నాలుగు సంవత్సరాల ఎడంలో వచ్చిన ఆ రెండు గ్రంథాల నడుమ ఒక లోకం అస్తమించినది.

అయితే బొమ్మ అస్తమించలేదు. అది గోడ దిగి గుడ్డ మీదికి, కాగితం మీదికి వచ్చినది. మహారాష్ట్రలోని వార్లీలకు ఈ అనుభవం ముందే కలిగినది. పెండ్లిగోడల మీది వార్లీ చిత్రాన్ని 1970వ దశకంలో జివ్యా సోమా మాషే కాగితం మీదికి తెచ్చి, దేశదేశాల ప్రసిద్ధి పొందాడు. అతనికి 2011లో పద్మశ్రీ లభించినది. సవర చిత్రం కూడ ఆ దారినే నడచి, నేడు గిరిజన వస్తువుల విక్రయశాలలలోను, చీరల అంచుల మీదను, ప్రభుత్వ భవనాల గోడల మీదను కనిపిస్తున్నది. వార్లీకీ సవరకూ భేదం తెలియక రెంటినీ ఒకే పేరుతో కొనేవారు కూడ ఉన్నారు. బియ్యప్పిండికి బదులు సీసాలోని రంగు, పుల్లకు బదులు అంగడి కుంచె వచ్చినవి. యువకులు కొందరికి ఇది జీవనోపాధి అయినది. పోడు తగ్గి, వలసలు పెరిగిన ఈ కాలంలో ఆ ఉపాధిని తేలికగా చూడరాదు. గూడెంలో కూర్చుండి తినగలిగినంత సంపాదన చేతిపని వల్ల కలిగితే, కల్తీ అయినదని గోల చేసే అర్హత కడుపు నిండిన మనకు లేదు.

అయినా నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. కొన్ని సంవత్సరాల క్రిందట పాటలు ధ్వనిముద్రణం చేయడానికి సీతంపేటకు ఎగువన ఒక గూడేనికి వెళ్లాము. పాటలు అయిన తరువాత, మా మిత్రుడొకరు అక్కడి వృద్ధుని బొమ్మ ఒకటి వేసి ఇమ్మని అడిగారు. కాగితం, రంగులు ముందు పెట్టారు. ఆ వృద్ధుడు పుల్ల చేతబట్టుకొని కొంచెంసేపు ఊరకున్నాడు. తరువాత, “ఎవుల పేరున రాయాల, బాబూ?” అని అడిగాడు. మా మిత్రుడు తన పేరు చెప్పాడు. గూడెంలోని పిల్లలు పకపక నవ్వారు. వృద్ధుడు నవ్వలేదు. “నువ్వు బతికే ఉన్నావు గదా” అన్నాడు. చివరకు మా మిత్రుడు చనిపోయిన తన తల్లి పేరు చెప్పిన పిమ్మట గాని పుల్ల కదలలేదు. ఆమెకు ఏమి ఇష్టమో అడిగి తెలుసుకొన్నాడు. ఆమె జీవితంలో ఎక్కని ఏనుగు మీద ఆమెను ఎక్కించాడు. ఆమె చేతికి, మా మిత్రుడు చెప్పినట్లే, ఒక తాటాకు విసనకఱ్ఱ ఇచ్చాడు.

ఆ బొమ్మ కాగితం మీదనే ఉన్నది. రంగు సీసాలోనిదే. విసనకఱ్ఱ ఏ పాత బొమ్మలోనూ లేదేమో. అయినా దానిని అబద్ధమనడానికి నాకు నోరు రాదు. ఎందుకంటే అది ఒకరి పేరున వ్రాయబడినది. అడిగి, విని, ఆ వినినదానికి గీతలో చోటు కల్పించడమనే పాత పద్ధతి అక్కడ నెరవేరినది. దీనికి భిన్నంగా, ఒకే అచ్చులో నూరు గుడ్డల మీద దించిన గుఱ్ఱాల వరుస ఎంత పాతదిగా కనిపించినా, అందులో సంప్రదాయం ఉన్నదని చెప్పలేము. పాతరూపాన్ని మార్పు లేకుండ మరల మరల దించడం సవర పద్ధతి కానే కాదు. నంపెయో చేసినదీ అది కాదు.

కాబట్టి మనం చేయవలసిన పనులు కొన్ని తోస్తున్నవి. గోడల మీద ఇంకా మిగిలిన బొమ్మలను ఛాయాచిత్రాలు తీయించడంతో తృప్తి పడరాదు. అవి ఎవరి ఇంటివి, ఎవరి పేరున వేసినవి, ఏ కష్టం తీరడానికి వేసినవి, ఆ సమయాన కురన్ ఏ పాట పాడినాడు అనే వివరాలను సవరభాషలోనే వ్రాసి ఉంచాలి. పాట లేని బొమ్మ సగం బొమ్మ. గిడుగువారు చూపిన దారి ఇదే. అమ్మకానికి పోయే బొమ్మ మీద వేసినవాని పేరు, గూడెం పేరు ఉండాలి. బొమ్మలు నేర్పే శిబిరాలలో యువకులకు అంచులు, త్రికోణాలు మాత్రమే కాక, వాటి వెనుక ఉన్న మాటలను చెప్పగల వృద్ధులను కూర్చుండబెట్టాలి. అట్టి వృద్ధులు గూడెంలో ఒకరో ఇద్దరో మిగిలి ఉన్నారు. ఈ పనికి ఉన్న గడువు వారి ఆయుర్దాయమే.

ఆ తరువాత యువకులు ఆ గోడమీద ఏమి వ్రాస్తారనేది వారి ఇష్టం. సెల్‌ఫోను వ్రాసినా, ఆటో వ్రాసినా మనం ఉలికిపడనక్కరలేదు. వారి తాతలు విమానం వ్రాశారు. ఆ ముసలాయన మమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం వారికి తెలిసి ఉంటే చాలును.